ఒంటిచేతి రాతపెట్టె

సై ఎండ్‌ఫీల్డ్ పేరు చెబితే సినిమా తెలిసినవాళ్లకు 1964లో వచ్చిన ‘జులూ’ గుర్తొస్తుంది. దాని దర్శకుడు ఆయనే. అమెరికాలో పుట్టినవాడు. కమ్యూనిస్టుల కోసం గాలింపు సాగుతున్న రోజుల్లో, 1951లో, ఆయన పేరూ బయటికొచ్చింది. ఇక హాలీవుడ్‌లో పని దొరకదని బ్రిటన్‌కు తరలిపోయాడు. ఆయనకు ఇంకో విద్య ఉంది. పేకముక్కల గారడీలో అందెవేసిన చెయ్యి. ఆర్సన్ వెల్స్ ఆయన్ని చేరదీసింది ఆ గారడీ చూసే. 1955లో ఆయన పేకవిద్యల మీద ఒక పుస్తకమే అచ్చయింది. అరవై దాటిన వయసులో, 1978లో, ఈ మనిషి క్రిస్ రెయినీతో కలిసి అరచేతి కింద పట్టే ఒక రాతపెట్టెను జనానికి చూపించాడు. పేరు మైక్రోరైటర్. మీటలు ఆరంటే ఆరే.

అయిదు వేళ్లకు అయిదు, బొటనవేలికి అదనంగా ఇంకొకటి. అన్ని అక్షరాలు ఇందులో ఎలా పట్టాయన్నది అర్థం కావాలంటే హార్మోనియం గుర్తు చేసుకోవాలి. మెట్టుకు ఒక స్వరమే అయినా, రెండు మూడు మెట్లు కలిపి నొక్కితే పుట్టే నాదం వేరు. అయిదు మీటలను ఒకటిగా, రెండుగా, మూడుగా కలుపుకుంటూ పోతే 31 కూర్పులు వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు 26. అవన్నీ పట్టాక ఇంకా అయిదు మిగులుతాయి.

ఈ లెక్క ఎండ్‌ఫీల్డ్ కనిపెట్టింది కాదు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన కంప్యూటర్ పద్ధతిని సభకు చూపించినప్పుడు కుడిచేతిలో మౌస్, ఎడమచేతి కింద అయిదు మీటల చిన్న పలక ఉన్నాయి. దాని తీరు తెలియాలంటే మీ ఎడమచెయ్యి ఒకసారి బల్ల మీద పెట్టండి. బొటనవేలి విలువ 1, చూపుడువేలు 2, మధ్యవేలు 4, ఉంగరపువేలు 8, చిటికెనవేలు 16. ఇంగ్లీషు అక్షరమాలలో ఎన్నో అక్షరం కావాలో ఆ అంకెకు సరిపడా వేళ్లు ఒక్కసారిగా నొక్కాలి. ‘అమ్మ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూద్దాం. ‘ఏ’ మొదటిది, కాబట్టి బొటనవేలు. ‘ఎం’ పదమూడోది, అంటే ఎనిమిదీ నాలుగూ ఒకటీ: ఉంగరపువేలు, మధ్యవేలు, బొటనవేలు కలిపి రెండుసార్లు. చివర మళ్లీ బొటనవేలు. నాలుగు నొక్కుల్లో అమ్మ వచ్చేసింది. చెయ్యి ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు. చూపు మీటల మీదికి పోనక్కర్లేదు.

అంత చక్కటి పలక ఎందుకు నిలవలేదు? అదే సభలో చూపిన మౌస్ లోకమంతా పాకింది. పలక మాత్రం ఎంగెల్‌బార్ట్ బృందాన్నీ, ఒకటి రెండు ప్రయోగశాలలనూ దాటి పెద్దగా పోలేదు. వేళ్లలో లోపం లేదు, తిప్పలన్నీ తలలోనే. పదమూడును ఎనిమిది, నాలుగు, ఒకటిగా విడగొట్టుకుంటూ ఎవరైనా ఉత్తరం రాస్తారా? ఎండ్‌ఫీల్డ్ గొప్పతనం నాకు కనిపించేది ఇక్కడే. మైక్రోరైటర్‌లో ఆయన అంకెలను పక్కన పెట్టి అక్షరాల రూపాన్ని పట్టుకున్నాడు. ఏ మీటలు నొక్కుతామో వాటిని చుక్కలుగా ఊహించుకుని కలుపుకుంటే, అక్షరం ఆకారం లీలగా మనసులో మెదిలేలా కూర్పులు ఎంచాడు. మన పిల్లలు చుక్కలు కలిపి అక్షరాలు దిద్దుకునే పద్ధతి లాంటిదే.

1980ల మొదట్లో ఇంగ్లండ్‌లోని మిచమ్ నుంచి దాన్ని అమ్మకానికి పెట్టారు. ఒక్క వరుస తెర, ఎనిమిది కిలోబైట్ల జ్ఞాపకశక్తి, ఛార్జ్ చేసుకునే బ్యాటరీ. ఎక్కడైనా కూర్చుని రాసుకుని, తర్వాత ప్రింటరుకు తగిలించి అచ్చు తీసుకోవచ్చు. 1989లో అదే అక్షరమాలతో అజెండా అనే జేబు డైరీ కూడా వచ్చింది. వాడినవాళ్లు దాన్ని ప్రాణంలా చూసుకున్నారు. కాకపోతే వాళ్లు కొద్దిమందే.

ఒంటిచేతి రాత నెమ్మది కాదనడానికి కొలిచిన లెక్కలే ఉన్నాయి. చేతిలో పట్టుకుని నొక్కే ట్విడ్లర్ అనే కీబోర్డు మీద జార్జియా టెక్ పరిశోధకులు అయిదుగురి చేత దాదాపు 25 గంటల సాధన చేయిస్తే, సగటున నిమిషానికి 47 మాటల వేగం అందుకున్నారు. ఒకరు 67 దాకా వెళ్లారు. మామూలు కీబోర్డు మీద రెండు చేతులతో ఆ వేగం లేనివాళ్లు మన ఆఫీసుల్లో ఎంతమందో. అయితే ఆ 25 గంటలు ఎవరు పెడతారు?

1990ల్లో సియాటిల్‌లో మార్టిన్ కింగ్, క్లిఫ్ కుష్లర్ తయారుచేసిన టీ9 ఆ గంటలే అడగలేదు. అప్పటి సెల్‌ఫోన్‌లో ‘సి’ కావాలంటే రెండో అంకె మూడుసార్లు నొక్కాలి. టీ9లో ఒక్కసారి చాలు. ఏ మాటో ఫోనే నిఘంటువులో వెతుక్కుంటుంది. 4663 నొక్కితే గుడ్ కావచ్చు, హోమ్ కావచ్చు. పొరపడితే ఇంకో మీటతో మార్చుకోవచ్చు. దీని పుట్టుక తెలిసినప్పుడు నా మనసు కదిలింది. చేతులు ఆడనివాళ్లు కంటిచూపుతో రాసుకునే పరికరం కోసం మొదలైన ఆలోచనే కోట్లమంది బొటనవేళ్ల కిందికి చేరింది. తర్వాత తెర మీద వేలు ఎత్తకుండా గీస్తూ రాసే స్వైప్ పద్ధతి పుట్టించినవాళ్లలోనూ కుష్లర్ ఉన్నాడు.

మన దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. ‘లక్ష్మి’ చూడటానికి రెండక్షరాలు. ఫోన్ లోపల అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు ముక్కలు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకున్నా ఏడు నొక్కులే. అయిదు మీటల 31 కూర్పుల్లో మన అచ్చులూ హల్లులూ గుణింతపు గుర్తులూ ఇమడవు. ఆరు మీటలైతే 63 వస్తాయి. బ్రెయిలీ చుక్కలు ఆరే కదా. భారతీ బ్రెయిలీలో తెలుగు రాసే అంధ విద్యార్థులు 1951 నాటి పెర్కిన్స్ యంత్రం మీద చేసేది ఇదే: ఒక్కో గడిలోని చుక్కలన్నీ ఒక్క నొక్కులో పడతాయి. తెలుగులో ఈ కూర్పుల రాత ఎప్పటినుంచో ఉంది. చూపున్న మనమే గమనించలేదు. ఒక చెయ్యి మాత్రమే ఆడే మనిషికి 25 గంటల సాధన బరువని నేననుకోను. ఎదురుగా ఉన్న దారి అదొక్కటే అయినప్పుడు ఎవరైనా నేర్చుకుంటారు.

ఎండ్‌ఫీల్డ్ 1995లో పోయాడు. రెయినీ మాత్రం ఆ అక్షరమాలను వదల్లేదు. కంప్యూటర్‌తో వాడుకునేందుకు అదే వరసలో కొత్త కీబోర్డు చేసి, నేస్తం పేరు కలిసొచ్చేలా దాన్ని ‘సైకీ’ అని పిలిచాడు.