పంటికి బీమా ఎంతవరకు?

విశాఖపట్నము రేవు నుండి బయలుదేరు సరకునకు బీమా చేయుట వాడుక. తుఫానులో ఓడ మునిగి సరకు పోయినచో బీమా సంస్థ నష్టమును చెల్లించును. కాని పాలిసీలో ప్రత్యేకముగా వ్రాసుకొననిచో సహజమైన అరుగుదలకు, సరకు తన స్వభావము వలన తానే చెడుటకు, ఎలుకలు, పురుగులు చేయు నష్టమునకు సంస్థ బాధ్యత వహింపదు. 1963 నాటి మన సముద్ర బీమా చట్టములో ఈ నియమము స్పష్టముగా ఉన్నది. ఆరోగ్య బీమా కూడ పంటిని ఇంచుమించు ఈ దృష్టితోనే చూచును. ప్రమాదములో దవడ విరుగుట తుఫాను వంటిది. పన్ను పుచ్చుట అరుగుదల వంటిది.

పన్ను పుచ్చుట ఎట్లు?

నోటిలోని కొన్ని సూక్ష్మజీవులు మనము తిన్న చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. పంటిమీది పాచిలో పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గినప్పుడు పింగాణి పొరలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణములు కరగసాగును. లాలాజలము ఆమ్లతను తగ్గించి, లవణములను కొంతవరకు తిరిగి చేర్చును. మాటిమాటికి తీపి తినుచున్నచో దానికి వ్యవధి చిక్కదు. గుంట పడిన పిదప పొర తిరిగి పెరుగదు. గుంట చిన్నదైనప్పుడు సిమెంటు పెట్టించిన సరిపోవును. ఉపేక్షించినచో చెడు నరము వరకు ప్రాకి రూట్ కెనాల్ చికిత్స అవసరమగును. ఆపైన పన్ను తీయించుటయే గతి.

బీమా లెక్క

వేయిమంది కలిసి ఒక నిధి ఏర్పరచుకొన్నారనుకొందము. ఏడాదికి ఇద్దరికి దవడ విరిగి, ఒక్కొక్కరికి 60,000 రూపాయలు ఖర్చయినచో మొత్తము 1,20,000. తలకు 120 రూపాయలు చాలును. ఆరువందల మందికి 1,500 రూపాయల చొప్పున పంటి పని పడినచో మొత్తము 9,00,000. తలకు 900 రూపాయలు. దీనికి నిర్వహణ ఖర్చు అదనము. పైగా పంటినొప్పి ఉన్నవారే ముందుగా వచ్చి చేరుదురు. అరుదైన పెద్ద ఖర్చును పంచుకొనుటకు బీమా తగినది. ఎక్కువమందికి వచ్చు చిన్న ఖర్చును అది తగ్గింపజాలదు.

పాలిసీలో ఏమున్నది?

2020 ఏప్రిల్ 1న మన దేశమున ప్రవేశపెట్టిన ఆరోగ్య సంజీవని పాలిసీ అన్ని సంస్థలయందు ఒకే తీరుగా ఉండును. వ్యాధి వలనగాని గాయము వలనగాని అవసరమైన దంత చికిత్సకు అందులో చోటున్నది. కాని రోగి ఆసుపత్రిలో కనీసము 24 గంటలు చేరి ఉండవలెను, లేదా అది డే కేర్ చికిత్స కావలెను. సాధారణముగా ఓ.పి.లో చేయు పని డే కేర్ క్రింద చెల్లదు. కనుక స్కూటరు ప్రమాదములో విరిగిన దవడకు శస్త్రచికిత్స జరిగినచో పాలిసీ ఆదుకొనును. కుర్చీలో కూర్చుండి చేయించుకొను ఫిల్లింగునకు, శుభ్రపరచుటకు, మామూలు రూట్ కెనాల్‌కు డబ్బు రాదు. అందము కొరకు చేయించు పనికి అసలే రాదు.

కార్మికుల పథకములు

1948 నాటి చట్టము ప్రకారము ఏర్పడిన ఇ.ఎస్.ఐ. పథకములో ఓ.పి. వైద్యము కూడ చేరియున్నది. విశాఖలో మల్కాపురమున ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. చేరుటకు జీతపు పరిమితిని 2017 జనవరిలో నెలకు 21,000 రూపాయలుగా నిర్ణయించిరి. 2019 జులై నుండి జీతములో కార్మికుని వంతు 0.75 శాతము, యజమాని వంతు 3.25 శాతము. అర్హులందరు తప్పనిసరిగా చేరుదురు గనుక రోగులు మాత్రమే వచ్చి చేరు చిక్కు ఇందు లేదు.

అమెరికాలో దంత బీమాకు నాంది పలికినవారును రేవు కార్మికులే. 1954లో పసిఫిక్ తీరపు రేవు కార్మికుల సంఘము, ఓడల యజమానుల సంఘము కలిసి కార్మికుల పిల్లలకు దంతవైద్య పథకము ప్రారంభించినవి. నేడు అచటి అనేక పథకములు పరీక్షకు, శుభ్రపరచుటకు పూర్తిగా చెల్లించి, పెద్ద పనులకు సగమే చెల్లించును. మన సామాన్య పాలిసీ దీనికి తలక్రిందులు: చిన్న గుంటకు ఏమియు ఈయదు, చీము పట్టి ఆసుపత్రిలో చేరిన నాడు ఇచ్చును. అందాక వేచియుండినచో డబ్బు వచ్చినను పన్ను దక్కదు.

కావున పాలిసీ తీసికొనునప్పుడు మూడు సంగతులు విచారింపవలెను. ఓ.పి. దంత చికిత్స చేరియున్నదా? ఎన్నాళ్లు ఆగిన పిదప వర్తించును? ఏడాదికి ఎంత వరకు చెల్లింతురు? జవాబులను ఏజెంటు నోటిమాటగా కాక పాలిసీ కాగితములోనే చూచుకొనవలెను. మిగిలినది మన చేతిలోని పని: రోజుకు రెండు మారులు ఫ్లోరైడు పేస్టుతో పండ్లు తోముకొనుట, తీపిని భోజనవేళలకు పరిమితము చేయుట, గుంట చిన్నదిగా నున్నప్పుడే దంతవైద్యునికి చూపించుట.