ఇంట్లో రెండు గదులు, పొద్దున్నే టిఫిను

'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' అనగానే ఊటీ, కూర్గ్ గుర్తొస్తాయి గానీ, ఆ పని మనకేం కొత్త కాదు. డబ్బు తీసుకుని అన్నం పెట్టే పూటకూళ్ల ఇళ్లు ఒకప్పుడు మన ఊళ్లలో ఉండేవి. గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ అలాంటి ఇల్లు నడిపే మనిషే. సామాను కొనుక్కొస్తానని గిరీశం పట్టుకెళ్లి తగలేసిన డబ్బు ఆవిడ కష్టార్జితం. ఆ కష్టం సంగతే ఈ వ్యాసం.

మంగళగిరిలో మా మేడ మీద రెండు గదులు ఇలాగే ఇస్తున్నాం. వచ్చేవాళ్లు మూడు రకాలు. పానకాల స్వామి దర్శనానికి వచ్చేవాళ్లు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు ఖాళీ ఉండదు. నిజాం అంచు చీరలు మగ్గం దగ్గరే కొనుక్కుందామని వచ్చేవాళ్లు. ఇక మూడో రకం, ఎయిమ్స్‌లో వైద్యానికి వచ్చినవాళ్ల తాలూకు మనుషులు. వీళ్లకి ఏసీ కన్నా వేడినీళ్లు, పెందలాడే టిఫిను ముఖ్యం.

కేంద్ర పర్యాటక శాఖ పథకంలో ఇలాంటి ఇళ్లకి గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులున్నాయి. ఒకటి నుంచి ఆరు గదుల వరకు ఇవ్వొచ్చు, మొత్తం 12 మంచాలు మించకూడదు. అసలు షరతు వేరే ఉంది: యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురం ఉండాలి. హోటల్‌కీ దీనికీ తేడా అక్కడే.

ఇప్పుడు లాభం సంగతి. అంకెలు ఊరికే లెక్క కోసం వేసుకున్నవి. ఒక గదిని నెల అద్దెకిస్తే 5,000 వస్తుందనుకుందాం. రోజువారీగా ఇస్తే రాత్రికి 1,000. అందులో కరెంటు, దుప్పట్ల ఉతుకు, సబ్బు, ఇద్దరి టిఫిను కలిపి 500. మా స్వామి పానకంలో సగం తాగి సగం వదిలేస్తాడంటారే, ఖర్చూ అంతే అన్నమాట! మిగిలేది 500. అంటే నెలకి పది రాత్రులు నిండితే అద్దెతో సమానం, పదకొండో రాత్రి నుంచి లాభం.

బానే ఉంది కదా? కానీ ఈ లెక్కలో మా అమ్మ లేదు. ఒక గదికి రోజూ ఊడ్చి తుడవడం, పక్కలు మార్చడం, వంట, అంట్లు కలిపి రెండున్నర గంటల పని. గంటకి వంద వేసినా 250. అప్పుడు మిగిలేది 250, పది రాత్రులు కాస్తా ఇరవై అవుతాయి. ఇంట్లో ఆడవాళ్ల పనిని ఖర్చులో రాయకపోతే ఏ హోమ్‌స్టే అయినా లాభాల్లోనే కనిపిస్తుంది. అందుకే మా ఇంట్లో ఆ 250 ముందు అమ్మ ఖాతాలో పడుతుంది, ఆ తర్వాతే మిగతా లెక్క.

పని తగ్గించుకునే కిటుకులూ ఉన్నాయి. ఇడ్లీపిండి ముందురోజే రుబ్బి పులియబెట్టాలి. మనుషులు తగ్గితే పిండి మిగిలిపోతుంది. పెసరట్టుకి ఆ బాధ లేదు. రాత్రి ఎంతమందో కనుక్కుని పెసలు నానేసి, పొద్దున రుబ్బి పోసేయడమే. సగం రోజులు మా ఇంట్లో పెసరట్టు అందుకే!

డబ్బు కాని రాబడి కూడా ఒకటుంది. భార్య వైద్యానికి వచ్చిన ఒకాయన మూడు నెలల తర్వాత చెకప్‌కి మళ్లీ వచ్చారు. ఆవిడకి ఉప్పు పడదని అమ్మకి గుర్తుంది, అడక్కుండానే విడిగా చట్నీ చేసింది. ఆయన పంపగా తర్వాత ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. ఏ ప్రకటనా అక్కర్లేకపోయింది.

మీ ఇంట్లో గది ఖాళీగా ఉండి ఇలాంటి ఆలోచన ఉంటే, ముందు ఎక్సెల్ షీట్ తెరవండి. మొదటి వరసలో అద్దె రాయకండి. పొద్దున ఐదింటికి లేచేదెవరో, వాళ్ల పేరు రాయండి.