రెండు ఓట్ల మెస్సు, మూడు వందల ఓట్ల ధాబా

నాగపూర్ హైవే మీద మేడ్చల్ దాటుతున్న లారీ డ్రైవరుకు వేడి రొట్టె, పప్పు కావాలి. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో పనిచేసే ఉద్యోగి అరగంటలో తిని ల్యాబ్‌కు తిరిగి చేరాలి. హాస్టల్ కుర్రాడి జేబులో వంద రూపాయలే ఉన్నాయి. ముగ్గురూ అడిగేది ఒకటే: ‘ఇక్కడ ఎక్కడ తింటే బాగుంటుంది?’ జవాబు మాత్రం ముగ్గురికీ మూడు రకాలు.

హ్యాకథాన్‌కు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో సాఫ్ట్‌వేర్ జట్లు 36 గంటలు ఏకబిగిన పనిచేస్తాయి. శామీర్‌పేట వైపు బిట్స్ పిలానీ ప్రాంగణం, మేడ్చల్ దారిలో కండ్లకోయ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి విద్యార్థులు నలుగురు ఈ ప్రశ్నకు జవాబు చెప్పే యాప్ తయారీకి పూనుకున్నారనుకుందాం. యాప్ పైరూపం మొదటి రాత్రికే తయారవుతుంది. అసలు కష్టం లోపలి లెక్కల్లో ఉంది.

ఎంత దూరం?

మనం ఉన్న చోటు అక్షాంశ, రేఖాంశాలను ఫోను చెబుతుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ తేడా అంటే సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి, మేడ్చల్ ప్రాంతంలో రేఖాంశపు డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లే. ఈ లెక్కతో వచ్చేది గాలిలో గీసిన గీత పొడవు. మనిషి పోవాల్సింది రోడ్డు మీద.

మేడ్చల్ 44వ జాతీయ రహదారి మీద ఉంది, శామీర్‌పేట కరీంనగర్‌కు పోయే రాజీవ్ రహదారి మీద ఉంది. రెండింటినీ కలిపే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర తప్ప ఎక్కలేం, దిగలేం. హైవే అవతల కళ్లెదుటే కనిపించే హోటలుకైనా యూటర్న్ దాకా పోయి రావాలి. శామీర్‌పేట చెరువు అవతలి ఒడ్డున ఉన్నదానికి చుట్టు తిరిగి వెళ్లాలి.

అందుకే కంప్యూటరుకు కూడళ్లను చుక్కలుగా, రోడ్లను గీతలుగా, ఒక్కో గీతకు పట్టే నిమిషాలతో సహా ఇస్తారు. అతి తక్కువ సమయం పట్టే దారి కనిపెట్టే పద్ధతిని డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆలోచించాడు. కాబోయే భార్యతో ఆమ్‌స్టర్‌డామ్ బజారులో తిరిగి అలసి, కేఫ్‌లో కాఫీ తాగుతూ ఇరవై నిమిషాల్లో అది తట్టిందని తర్వాత చెప్పాడు. చెరువు తూము ఎత్తితే నీళ్లు ముందు దగ్గరి మడుల్ని, ఆ తర్వాత దూరపు మడుల్ని తడుపుతాయి కదా, లెక్క కూడా అలాగే సాగుతుంది. ఏ కూడలికి ముందుగా చేరగలమో దాన్ని ఖాయం చేసుకుని, అక్కడి నుంచి పక్క కూడళ్లకు పాకుతుంది.

ఎంత బాగు?

ఒక మెస్సుకు ఇద్దరే ఓటేశారు, ఇద్దరూ 5 మార్కులిచ్చారు. ఒక ధాబాకు 300 మంది ఓటేస్తే సగటు 4.3 వచ్చింది. ఏది పైన ఉండాలి? సగటు మెస్సు వైపే మొగ్గుతుంది. కానీ ఆ ఇద్దరూ యజమాని బంధువులే కావచ్చు.

దీనికి బేయస్ సగటు అనే ఉపాయం ఉంది. ఆ ప్రాంతంలోని హోటళ్లన్నిటి సగటు 3.8 అనుకుందాం. ప్రతి హోటలుకూ ముందుగానే 3.8 చొప్పున పది ఊహా ఓట్లు కలుపుతాం. అప్పుడు మెస్సుకు 10, 38 కలిసి 48 మార్కులు. 12 ఓట్లతో భాగిస్తే 4.0. ధాబాకు 1,328 మార్కులను 310తో భాగిస్తే 4.28. ఓట్లు పెరిగేకొద్దీ ఊహా ఓట్ల బరువు కరిగిపోతుంది. మెస్సును ఈ లెక్క తక్కువ చేయడం లేదు. ఇంకొంత సాక్ష్యం కావాలంటోంది, అంతే.

ఎవరికి బాగు?

మీకు నచ్చిన చోట్లే నచ్చిన మరొకరు ఉంటే, ఆయన మెచ్చిన కొత్త చోటు మీకూ నచ్చవచ్చు. ఈ సూత్రానికి ‘కొలాబరేటివ్ ఫిల్టరింగ్’ అనే పేరు 1992లో జిరాక్స్ పరిశోధకులు పెట్టారు. మనుషులను అడ్డ వరసల్లో, హోటళ్లను నిలువు వరసల్లో రాస్తే ఒక పట్టిక వస్తుంది. ఖాళీ గడులను ఊహించడమే పని. 2006లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించి నెట్‌ఫ్లిక్స్ ఇచ్చిన పట్టికలో దాదాపు 4.8 లక్షల మంది ప్రేక్షకులు, 17,770 సినిమాలు ఉన్నా, నిండిన గడులు వందకు ఒకటి కంటే కాస్త ఎక్కువ. మన యాప్ పట్టికలో మొదటి రోజు అన్నీ ఖాళీలే. అందుకే ముందు సూటిగా అడగాలి: శాకాహారమా, మాంసాహారమా? ఎంత ఖర్చు పెడతారు? ఎంత సమయం ఉంది?

కొత్తవాడికి చోటెక్కడ?

పైనున్న హోటలునే చూపిస్తూ పోతే జనం అక్కడికే పోతారు, ఓట్లు అక్కడే పడతాయి. రెండు ఓట్ల మెస్సు రెండు ఓట్లతోనే మిగిలిపోతుంది. దీనికి మందు 1933లోనే దొరికింది. రెండు చికిత్సల్లో ఏది మేలో ఇంకా తేలనప్పుడు రోగులను ఎలా పంచాలని విలియం థాంప్సన్ ఆలోచించాడు. ఒక చికిత్స మేలైనదని ఇప్పటిదాకా ఎంత నమ్మకం కుదిరిందో అంత వంతు రోగులకు దాన్ని ఇవ్వాలన్నాడు. వ్యాక్సిన్లు తయారయ్యే జీనోమ్ వ్యాలీ పక్కన పుట్టే యాప్‌కు ఈ సూత్రం చక్కగా అతుకుతుంది. ధాబానే ఎక్కువసార్లు చూపిస్తూ, అప్పుడప్పుడు మెస్సుకూ అవకాశమివ్వాలి. మూడో ఓటు అలా పడుతుంది.

అయితే బోర్డు లేని టిఫిన్ బండి, తెల్లవారి ఆరింటికి ఇడ్లీ పెట్టి పదింటికల్లా సర్దుకుపోయే అమ్మ, ఆదివారం మాత్రమే నాటుకోడి వండే ఇల్లు మన యాప్ పట్టికలో వరసగా కూడా లేవు. లేని వరసకు ఏ లెక్కా మార్కు వేయలేదు. కాబట్టి ఆ నలుగురికీ నేను చెప్పేది ఒకటే. 36 గంటల్లో కొన్ని గంటలు రోడ్డు మీద తిరగండి. బండి దగ్గర నిలబడి తినండి, ధర అడగండి, వేళలు రాసుకోండి, అడిగి ఒప్పుకుంటేనే మ్యాపులో చుక్క పెట్టండి. యాప్‌కు మొదటి వరస అక్కడ మొదలవుతుంది.