తేలికైతే చాలదు.. దెబ్బకూ ఆగాలి!

ప్రయాణాల్లో ఉండే వ్యాపారులకు ల్యాప్‌టాప్‌ ఎంపికలో మెలకువలు

చిత్తూరు, తిరుపతి: మామిడి గుజ్జు ఎగుమతి పత్రాలతో చెన్నైకి, కుప్పం గ్రానైట్‌ బేరాలతో బెంగళూరుకు, పరిశ్రమల పనులపై శ్రీసిటీకి.. ఉభయ జిల్లాల వ్యాపారులకు ప్రయాణం నిత్యకృత్యం. ధరల పట్టికలు, ఇన్‌వాయిస్‌లు, పన్ను లెక్కలు అన్నీ భుజాన వేలాడే ల్యాప్‌టాప్‌లోనే ఉంటున్నాయి. రూ.50 వేలకు మించిన సరకును రాష్ట్రం దాటించాలంటే 2018 ఏప్రిల్‌ 1 నుంచి ఈ-వే బిల్లు తప్పనిసరి. లారీ కదిలే వేళకు పత్రాలున్న యంత్రం మొరాయిస్తే నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదు. అందుకే తేలికదనంతో పాటు మన్నికను కూడా తూచి చూసుకోవాలి.

రెండు దారులు

మన్నికైన ల్యాప్‌టాప్‌లకు పానసోనిక్‌ 1996లో ప్రారంభించిన టఫ్‌బుక్‌ శ్రేణి పేరెన్నికగన్నది. పోలీసు, సైనిక అవసరాలకు వాడే ఈ తరహా యంత్రాలు సాధారణంగా రెండు కిలోలకు మించి బరువుంటాయి. మరోవైపు 2008లో వచ్చిన ఆపిల్‌ మ్యాక్‌బుక్‌ ఎయిర్‌ 1.36 కిలోలతో తేలిక యంత్రాలకు దారి తీసింది. బస్సులు, రైళ్లలో తిరిగే వ్యాపారికి కావలసింది ఈ రెండింటికీ నడుమ ఉన్నది. మెగ్నీషియం మిశ్రలోహం లేదా కార్బన్‌ ఫైబర్‌ కవచంతో 1 నుంచి 1.4 కిలోల మధ్య ఉండే వ్యాపార శ్రేణి యంత్రాలు ఈ కోవలోకి వస్తాయి. ప్రకటనల్లో చెప్పే బరువులో ఛార్జర్‌ కలిసి ఉండదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

‘సైనిక ప్రమాణం’ అంటే..

అనేక కంపెనీలు ‘మిల్‌-ఎస్‌టీడీ-810’ పరీక్ష నెగ్గిందని ప్రచారం చేస్తుంటాయి. ఇది అమెరికా రక్షణ శాఖ రూపొందించిన పరీక్షా విధానాల సంపుటి. 2019లో దీని ‘హెచ్‌’ కూర్పు వెలువడింది. వేడి, తేమ, ధూళి, ప్రకంపనలు, కుదుపులకు వేర్వేరు పరీక్షలు ఇందులో ఉన్నాయి. అయితే ఉత్తీర్ణత పత్రం ఇచ్చే సంస్థ ఏదీ లేదు. ఏ పరీక్షలు చేయాలో తయారీదారే ఎంచుకోవచ్చు. ఉదాహరణకు 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 మార్లు పడవేసే పరీక్షలో ముఖాలు, అంచులు, మూలలు అన్నీ నేలను తాకాలి. ఆ 26 దెబ్బలను అయిదు యంత్రాల దాకా పంచుకొనే వీలును ఆ విధానమే కల్పిస్తోంది. కనుక ‘పరీక్ష నెగ్గింది’ అన్న మాటతో తృప్తిపడక, ఏయే పరీక్షలు, ఎంత ఎత్తు నుంచి అని అడిగి తెలుసుకోవాలి.

నీటి, ధూళి రక్షణకు ‘ఐపీ’ సంఖ్య కొలమానం. మొదటి అంకె ధూళికి, రెండోది నీటికి సంబంధించినది. ధూళిలో 6, నీటిలో 5 ఉంటే ధూళి పూర్తిగా చొరబడదు, నీటి ధారను తట్టుకుంటుంది. పలుచని యంత్రాల్లో చాలావాటికి ఈ సంఖ్యే ఉండదు. కీబోర్డుపై పడ్డ నీరు కిందికి జారిపోయే ఏర్పాటు మాత్రం కొన్నింటికి ఉంటుంది. అది యంత్రాన్ని ఆపి తుడుచుకొనేంత వ్యవధినిస్తుందే తప్ప, వానలో వాడేందుకు కాదు.

ఎండే అసలు పరీక్ష

చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని తయారీదారులు సూచిస్తారు. తిరుపతిలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలిపిన కారు లోపల వేడి ఇంకా పెరుగుతుంది. ఆ వేడికి లిథియం బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. యంత్రాన్ని కారులో వదిలి వెళ్లడం, వేడెక్కిన వెంటనే ఛార్జింగ్‌ పెట్టడం మానుకోవాలి.

ప్రకటనల్లో కనిపించే బ్యాటరీ గంటలను యథాతథంగా నమ్మరాదు. లెక్క సులభమే. 56 వాట్‌-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం సగటున 8 వాట్లు వాడుకుంటే 7 గంటలు పని చేస్తుంది. వీడియో సమావేశంలో వాడకం 14 వాట్లకు చేరితే 4 గంటలే మిగులుతుంది. కొన్నాళ్లకు సామర్థ్యం 80 శాతానికి తగ్గితే ఆ 7 గంటలు అయిదున్నరకు పడిపోతాయి. ప్రయాణ సమయం కంటే రెండు గంటలు అదనంగా వచ్చేది ఎంచుకోవడం క్షేమం.

దుకాణంలోనే చూడాలి

తెరను ఒక మూల పట్టి తెరిచినపుడు వంకర పోరాదు. మూసిన మూతపై అరచేతితో నొక్కితే లోపలికి కుంగరాదు. మడత బందులు వదులుగా ఉండకూడదు. ఆరుబయట వెలుగులో అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. సమాచారం నిల్వకు ఎస్‌ఎస్‌డీ ఉండాలి. పాత హార్డ్‌డిస్క్‌లోలా తిరిగే భాగాలు లేనందున కుదుపులకు అది చెక్కుచెదరదు. పలుచని యంత్రాల్లో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు, తరవాత పెంచుకొనే వీలుండదు. మొదటే తగినంత తీసుకోవాలి. పాత యంత్రం కొనేవారు ఒకటి గమనించాలి. విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11 నడిచే యంత్రమేనని నిర్ధారించుకోవాలి.

సాధారణ వారంటీలో కింద పడటం, నీరు పడటం వంటివి రావు. వాటికి విడిగా ప్రమాద రక్షణ తీసుకోవాలి. సేవా సిబ్బంది ఇంటికే వస్తారా, లేక చెన్నై, బెంగళూరు పంపాలా అన్నది కొనకముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. బిల్లుపై వ్యాపార జీఎస్‌టీ సంఖ్య రాయించుకుంటే, వ్యాపార వినియోగానికి కొన్నపుడు చెల్లించిన 18 శాతం పన్నును నిబంధనల మేరకు తిరిగి సర్దుబాటు చేసుకోవచ్చు.

రేణిగుంటలో విమానమెక్కేవారు విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. వంద వాట్‌-అవర్లు దాటితే విమానయాన సంస్థ అనుమతి అవసరం. తిరుమలకు వెళ్లే వ్యాపారులు శ్రీవారి ఆలయంలోకి ఎలక్ట్రానిక్‌ పరికరాలను అనుమతించరన్నది దృష్టిలో ఉంచుకోవాలి.

ఎంత గట్టి యంత్రమైనా పోయే అవకాశం ఉంది. డిస్క్‌ను సంకేత భాషలో భద్రపరిచే సదుపాయం అమలు చేసి, దాని పునరుద్ధరణ తాళాన్ని వేరొకచోట రాసి పెట్టుకోవాలి. రోజూ రాత్రి ఒక ప్రతిని విడి డిస్క్‌లోనో, ఆన్‌లైన్‌లోనో దాచుకోవాలి. అప్పుడు దారిలో ల్యాప్‌టాప్‌ పోయినా లెక్కలు మిగులుతాయి, సరకు ఆగదు.