రాజూ కాదు, సోమరీ కాదు: తేనెపట్టులో పోతుటీగ

అరబ్బీ నిఘంటువులు 'యఅసూబ్' అనే మాటకు తేనెటీగల రాజు అని అర్థం చెబుతాయి. 'హయాతుల్ హయవాన్' గ్రంథకర్త దమీరీ (మరణం 1405) కూడా ఈ అర్థాన్నే గ్రహించాడు. అంతకు ఎంతో పూర్వం అరిస్టాటిల్ సైతం పట్టును ఏలే ఈగను రాజుగానే వ్యవహరించాడు. 17వ శతాబ్దంలో హాలెండు శాస్త్రజ్ఞుడు స్వామ్మర్‌డామ్ సూక్ష్మదర్శినితో పరిశీలించగా ఆ 'రాజు' కడుపులో అండాశయాలు కనిపించాయి. అది రాజు కాదు, తల్లి!

మరి నిజమైన మగ ఈగ ఏది? లావుపాటి దేహం, పెద్ద కళ్ళు గల పోతుటీగ. దానికి కొండి లేదు. పుప్పొడి మోసే బుట్టలు కాళ్ళకు లేవు. మైనం గ్రంథులు లేవు. తొలి దినాలలో కూలి ఈగలే దానికి మేత పెడతాయి. అందుచేత లోకం దానికి 'సోమరి' అని పేరు పెట్టింది.

దాని పుట్టుక విచిత్రమైనది. ఫలదీకరణం చెందిన గుడ్ల నుండి ఆడ ఈగలు, చెందని గుడ్ల నుండి పోతుటీగలు పుడతాయని 1845లో సైలీషియాకు చెందిన జీర్జోన్ వెల్లడించాడు. అనగా పోతుటీగకు తండ్రి లేడు, తాత మాత్రం ఉన్నాడు! కూలి ఈగలో 32 క్రోమోజోములుండగా దీనిలో 16 మాత్రమే. ఐరోపా జాతిలో గుడ్డు నుండి కూలి ఈగ 21 రోజులకు, పోతుటీగ 24 రోజులకు వెలువడుతుంది.

ఎదిగిన పోతుటీగలు మధ్యాహ్నం వేళ ఆకాశంలో ఒకచోట గుమిగూడతాయి. పలు పట్టుల నుండి వచ్చిన వేలాది ఈగలలో ఏ కొన్నింటికో రాణితో కలిసే అవకాశం లభిస్తుంది. కలిసిన ఈగ తక్షణమే మరణిస్తుంది. రాణి పది, ఇరవై పోతుటీగలతో కలవడం వలన సంతానంలో వైవిధ్యం ఏర్పడి, పట్టుకు రోగాలను తట్టుకునే శక్తి పెరుగుతుంది. శీతల దేశాలలో మిగిలిన పోతుటీగలను చలికాలానికి ముందు కూలి ఈగలు బయటకు గెంటివేస్తాయి.

అన్-నహ్ల్ సూరా 68, 69 ఆయతులలో తేనెటీగను ఉద్దేశించిన ఆజ్ఞలు స్త్రీలింగ క్రియలలో ఉన్నాయి. తేనె సేకరించేవి ఆడ ఈగలే కాబట్టి ఇది నేటి విజ్ఞానానికి నిదర్శనమని కొందరంటారు. కాని 'నహ్ల్' వంటి సమూహవాచకాలను స్త్రీలింగంగా వాడడం అరబ్బీ వ్యాకరణంలో ఉన్నదే. కనుక ఆ ఒక్క ఆధారంపై వాదాన్ని నిలబెట్టడం తగదు. ఆ ఆయతులు ఆలోచించే జనులకు సూచన ఉందని ముగుస్తాయి. మన అలవాట్లను సృష్టికి అంటగట్టి ఒకనాడు రాజు అన్నాం, మరొకనాడు సోమరి అన్నాం. ఆలోచించడమంటే ముందు ఉన్నదానిని ఉన్నట్లు చూడడమే.