ఉచిత ప్లగిన్‌పై వైరస్ హెచ్చరిక: అపోహలు – వాస్తవాలు

ఒక ల్యాప్‌టాప్, ఒక మిడి కీబోర్డు, ఒక జత హెడ్‌ఫోన్లు ఉంటే ఇంట్లోనే పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టేసే రోజులివి. హైదరాబాద్ స్టూడియోల్లోనే కాదు, జానపదాలు రికార్డు చేసే చిన్న ఊళ్ళ గదుల్లోనూ ఇదే సరంజామా. డబ్బు పెట్టి కొనలేనివాళ్ళకు, సంగీత సాఫ్ట్‌వేర్‌లో కలిపి వాడుకునే ఉచిత ప్లగిన్లు పెద్ద ఆసరా. సర్జ్ అనే సింథసైజర్‌ను దాని రచయిత 2018లో సోర్స్ కోడ్‌తో సహా లోకానికి ఇచ్చేశాడు. 2020లో వచ్చిన వైటల్ అనే మరో సింథసైజర్‌కు ఉచిత రూపం ఉంది. యమహా డీఎక్స్7 కీబోర్డు ధ్వనిని పలికించే డెక్స్‌డ్‌కు పైసా ఇవ్వక్కర్లేదు. వీటిలో ఏదీ నాసిరకం కాదు.

ఇలాంటి ఉచిత ప్లగిన్ ఒకటి దించుకుని ఇన్‌స్టాలర్ మీద నొక్కగానే ఒక్కోసారి హెచ్చరిక వస్తుంది. కొందరు భయపడి ఫైలు తీసిపారేస్తారు. ఇంకొందరు యాంటీవైరస్‌నే ఆపేసి ముందుకెళ్తారు. మొదటివాళ్ళు మంచి పనిముట్టును వదులుకుంటారు. రెండోవాళ్ళు ఒక్కోసారి కంప్యూటర్‌నే ఎవరి చేతికో అప్పగిస్తారు. ఆ హెచ్చరికలో ఏం రాసి ఉందో ఇద్దరూ చదవరు. చదవడం నేర్చుకుంటే సగం చిక్కు తీరిపోతుందని నా గట్టి నమ్మకం.

అపోహ: నీలం పెట్టె అడ్డొచ్చిందంటే వైరస్ దొరికినట్టే

విండోస్ మీ పీసీని కాపాడిందంటూ ప్రత్యక్షమయ్యే నీలం పెట్టె స్మార్ట్‌స్క్రీన్ అనే విండోస్ కాపలా ఏర్పాటుది. ఫైలు లోపల వైరస్ కనబడితే వచ్చేది కాదది. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తున్న ప్రోగ్రాంను తెరవబోతే, ఇదివరకు దీన్ని ఎందరు వాడారు, దీనిమీద డిజిటల్ సంతకం ఎవరిది అని స్మార్ట్‌స్క్రీన్ వాకబు చేస్తుంది. తగిన జవాబు దొరక్కపోతే ఆపుతుంది. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే కుక్క మొరుగుతుంది, వచ్చింది చుట్టమో దొంగో దానికి తెలియదు. నిన్న విడుదలైన ప్లగిన్‌కు ఇలాంటి అడ్డంకి రావడం, వాడేవాళ్ళు పెరిగాక అదే పోవడం అందుకే.

మ్యాక్‌లోనూ ఇలాంటి కాపలా ఉంది. 2019లో వచ్చిన కాటలినా నుంచి, యాపిల్‌కు పంపి నోటరైజేషన్ ముద్ర వేయించుకోని సాఫ్ట్‌వేర్‌ను మ్యాక్ మామూలుగా తెరవనివ్వదు. ఆ ముద్ర కావాలంటే డెవలపర్ ఏడాదికి 99 డాలర్ల సభ్యత్వం కట్టాలి. విండోస్ సంతకానికి సర్టిఫికెట్ విడిగా కొనాలి. 2023 జూన్ నుంచి దాని రహస్య కీని ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే దాచాలన్న నిబంధన కూడా వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చుని ఒక రివర్బ్ ప్లగిన్ తయారుచేసి ఊరికే పంచిపెట్టే మనిషి, పంచిపెట్టడానికి కూడా ఎదురు డబ్బు కట్టాలన్నమాట. చాలామంది కట్టలేరు. వాళ్ళ నిజాయతీకీ ఆ పెట్టెకూ సంబంధం లేదు.

అపోహ: వైరస్ పేరు కూడా చెప్పిందంటే పక్కాగా పట్టుకున్నట్టే

ఇది నీలం పెట్టె కాదు, యాంటీవైరస్ ఫైలును పట్టి క్వారంటైన్‌లో పెట్టిన సందర్భం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఆ పేరును చివరిదాకా చదవాలి. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ తరచూ వాడే 'వకటాక్' పేరు చివర ఆశ్చర్యార్థకం పెట్టి 'ఎంఎల్' అని ఉందంటే, అది మెషీన్ లెర్నింగ్ వేసిన అంచనా అని అర్థం. ఫలానా వైరస్ కోడ్ ఈ ఫైలులో అక్షరం అక్షరం కనిపించిందని కాదు, ఈ ఫైలు పోలికలు హానికరమైనవాటికి దగ్గరగా ఉన్నాయని. ఇతర కంపెనీల పేర్లలో కనిపించే 'జెనెరిక్', 'హ్యూర్' వంటి ముక్కలూ ఇలాంటి పోలిక సంగతే చెబుతాయి.

మరి సంగీతం ప్లగిన్‌కు ఆ పోలికలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? దాని పుట్టుకలోనే ఉన్నాయి. స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో తెచ్చిన వీఎస్‌టీ పద్ధతి ప్రకారం, విండోస్‌లో ప్లగిన్ అంటే ఒక డీఎల్‌ఎల్ ఫైలు. అది తనంతట తాను నడవదు. క్యూబేస్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి మరో ప్రోగ్రాం లోపల చేరి, ఆ ప్రోగ్రాంకున్న అధికారాలతోనే పనిచేస్తుంది. దాని ఇన్‌స్టాలర్ అడ్మిన్ అనుమతి అడిగి సిస్టమ్ ఫోల్డర్లలో ఫైళ్ళు పెడుతుంది. ఉచితంగా దొరికే ఎన్‌ఎస్‌ఐఎస్, ఇన్నో సెటప్ లాంటి పనిముట్లతో ఇన్‌స్టాలర్ కట్టడం చిన్న డెవలపర్లకు అలవాటు, వైరస్‌లు రాసేవాళ్ళకూ అవే అలవాటు. సైజు తగ్గించడానికి యూపీఎక్స్ అనే పనిముట్టుతో కుదించిన ఫైళ్ళదీ ఇదే కథ. లోపలిది కనబడకుండా చుట్టి ఉంటుంది కాబట్టి స్కానర్‌కు అనుమానం. పైగా ఆ ఫైలు ప్రపంచం మొత్తం మీద కొన్ని వందల కంప్యూటర్లలోనే ఉండొచ్చు. ఇన్ని పోలికలూ ఒకచోట చేరితే యంత్రం తప్పు లెక్క వేయడంలో వింతేమీ లేదు.

అన్ని వైరస్‌లనూ పట్టుకుని ఒక్క మంచి ఫైలునూ తప్పు పట్టని ప్రోగ్రాం సాధ్యం కాదని ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే గణితపరంగా చూపించాడు. పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2010 ఏప్రిల్‌లో మెకఫీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణంలాంటి ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్ అనుకుంది. కంప్యూటర్లు పదేపదే రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2022 సెప్టెంబరులో డిఫెండర్ క్రోమ్ బ్రౌజర్ మీదా, అదే పునాదితో కట్టిన ఇతర ప్రోగ్రాంల మీదా 'హైవ్' పేరుతో తప్పుడు హెచ్చరికలు కురిపించింది. కోట్లమంది వాడేవాటికే అలా జరిగితే ఒంటరి డెవలపర్ రాసిన కంప్రెసర్ ప్లగిన్ ఏపాటి?

అపోహ: "ప్లగిన్లకు ఇది మామూలే, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసెయ్"

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే మాట ఇది. పై విషయాలు కాస్త తెలిసినవాళ్ళే ఈ సలహా ఇస్తారు. సగం నిజం కాబట్టి జనం నమ్ముతారు.

ముందు ఒక తేడా స్పష్టంగా ఉండాలి. తయారుచేసినవాడే ఊరికే ఇచ్చింది ఉచితం. డబ్బుకు అమ్మేదాని తాళం బద్దలుకొట్టి పంచేది క్రాక్. క్రాక్ చేసే పనే వేరొకరి ప్రోగ్రాంను మార్చడం కాబట్టి దానిమీద యాంటీవైరస్ దాదాపు ఎప్పుడూ అరుస్తుంది. "అరుస్తుంది, పట్టించుకోకండి" అని పంచేవాళ్ళు ముందే రాసిపెడతారు. ఎప్పుడూ మోగే గంటకు విలువ ఉండదు. అందులో నిజమైన దొంగ ఉన్న రోజున కూడా అదే గంట మోగుతుంది, మీరు అదే అలవాటుతో ఆపేస్తారు.

దొంగలు ఈ అలవాటును వాడుకున్నారు కూడా. 2019 జూన్‌లో ఈసెట్ అనే భద్రతా సంస్థ లౌడ్‌మైనర్ అనే మాల్‌వేర్‌ను బయటపెట్టింది. క్రాక్ చేసిన సంగీత సాఫ్ట్‌వేర్ పంచే ఒకే ఒక సైటులో వీఎస్‌టీకి సంబంధించిన 137 ప్రోగ్రాంలు కనిపించాయి, 42 విండోస్‌కు, 95 మ్యాక్‌కు. ఏబుల్టన్ లైవ్, రీజన్, సైలెంత్1, నెక్సస్ లాంటి పేరున్నవి వాటిలో ఉన్నాయి. వాటితోపాటు కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ ఒకటి గుట్టుగా దిగి, మీ కరెంటుతో మీ ప్రాసెసర్ మీద మొనెరో క్రిప్టో నాణేలు తవ్వి ఎవరికో పంపేది. 2018 ఆగస్టు నుంచి ఇది నడిచింది. సంగీతం చేసేవాళ్ళనే ఎందుకు ఎంచుకున్నారో ఈసెట్ వివరించింది. వాళ్ళ దగ్గర మంచి ప్రాసెసర్లు ఉంటాయి. మిక్స్ చేస్తున్నప్పుడు కంప్యూటర్ వేడెక్కితే వాళ్ళకు అనుమానం రాదు. ప్రోగ్రాంలు ఎలాగూ పెద్ద సైజువే కాబట్టి లోపల మరో మెషీన్ దాక్కున్నా తెలియదు. ఇంత తెలిశాక, యాంటీవైరస్ ఆపెయ్యమని కొత్తగా నేర్చుకునే పిల్లలకు సలహా ఇవ్వడానికి నాకైతే నోరు రాదు.

అపోహ: వైరస్‌టోటల్‌లో ఓట్లు లెక్కపెడితే చాలు

2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికొచ్చిన వైరస్‌టోటల్, ఒక ఫైలును దాదాపు 70 స్కానర్లకు ఒకేసారి చూపిస్తుంది. గొప్ప సాయమే, కానీ ఎన్నిక కాదు. బిట్‌డిఫెండర్ ఇంజిన్‌ను తీసుకుని తమ పేరుతో నడిపే కంపెనీలు అందులో కొన్ని ఉన్నాయి. ఆ ఇంజిన్ ఒక్కటి పొరబడితే నాలుగైదు వరుసలు ఒకేసారి ఎర్రబడతాయి. సున్నా వచ్చినా నిశ్చింత లేదు, నిన్న పుట్టిన వైరస్ ఈ రోజు ఎవరికీ తెలియకపోవచ్చు. సంఖ్య కంటే పేర్లు చూడండి. ఒకటి రెండు చిన్న స్కానర్లు 'జెనెరిక్' అంటే ఒక సంగతి. పేరున్న అరడజను స్కానర్లు ఒకే వైరస్ కుటుంబం పేరు చెబితే అది వేరే సంగతి, ఆ ఫైలు జోలికి పోవద్దు. సందేహంగా ఉంటే రెండు మూడు రోజులాగి మళ్ళీ స్కాన్ చేయించండి. అక్కడ ఎక్కించిన ఫైళ్ళు భద్రతా కంపెనీలకు చేరతాయి కాబట్టి విడుదల కాని మీ పాటల ప్రాజెక్టులు మాత్రం ఎక్కించకండి.

అపోహ: అసలు సైటు నుంచి దించాం, సంతకం ఉంది, కాబట్టి హెచ్చరిక తప్పే

చాలాసార్లు నిజం, ఎప్పుడూ కాదు. 2016 మార్చిలో ట్రాన్స్‌మిషన్ అనే టొరెంట్ ప్రోగ్రాం సొంత సైటులోనే, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే కీరేంజర్ అనే రాన్సమ్‌వేర్ చొరబడింది, దానిమీద చెల్లుబాటయ్యే యాపిల్ సంతకం కూడా ఉంది. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో ప్రోగ్రాం డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాంట్లో నాలుగు రోజులపాటు ట్రోజన్ ఉన్న మ్యాక్ ఫైలు కూర్చుంది. ఇక 2023 మార్చిలో 3సీఎక్స్ అనే ఆఫీసు ఫోన్ సాఫ్ట్‌వేర్ మీద భద్రతా ప్రోగ్రాంలు అరిస్తే, ఇది తప్పుడు హెచ్చరికే అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. వారం తిరిగేసరికి అది నిజమైన దాడి అని తేలింది. కంపెనీ సంతకంతో వచ్చిన అప్‌డేట్‌లోనే విషం ఉంది. డెవలపర్ సైటులో ఫైలుకు వేలిముద్రలాంటి ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య ఇస్తే మీ ఫైలుతో పోల్చుకోండి. డౌన్‌లోడ్ సర్వర్ ఒక్కదాన్నే మార్చిన సందర్భాల్లో అది తేడాను పట్టిస్తుంది.

అపోహ: వీఎస్‌టీ ఫోల్డర్ మొత్తాన్ని స్కాన్ నుంచి మినహాయిస్తే గొడవ వదిలిపోతుంది

పియానో, తంత్రీ వాద్యాల శాంపిళ్ళున్న డ్రైవ్‌ను మినహాయించడంలో కొంత అర్థముంది. అవి ధ్వని ఫైళ్ళు, స్కానింగ్ వల్ల లోడ్ కావడం ఆలస్యమవుతుంది. ప్లగిన్లుండే ఫోల్డర్ అలా కాదు. కొత్త డీఎల్‌ఎల్‌లన్నీ వచ్చి చేరేది అక్కడే. మినహాయింపు ఇవ్వాల్సివస్తే, వాకబు పూర్తయ్యాక, ఆ ఒక్క ఫైలుకే ఇవ్వండి.

ఆ తర్వాత పది నిమిషాల పని ఒకటి ఉంది, దాదాపు ఎవరూ చేయరు. హెచ్చరికలో వచ్చిన పేరు, ప్లగిన్ వెర్షన్, యాంటీవైరస్ పేరు రాసి డెవలపర్‌కు ఒక ఈమెయిల్ పంపండి. డిఫెండర్ పట్టుకున్న ఫైలును పరిశీలన కోసం మైక్రోసాఫ్ట్‌కు పంపే పేజీ ఉంది, డెవలపర్లే కాదు, మామూలు వినియోగదారులూ పంపొచ్చు. మిగతా కంపెనీలు కూడా చాలావరకు ఇలాంటి దారి పెట్టాయి. అది తప్పుడు హెచ్చరికేనని తేలితే, సవరణ తర్వాతి అప్‌డేట్‌లలో అందరి కంప్యూటర్లకూ చేరుతుంది.