కాకులేం హత్య చేశాయి?

మా అమ్మాయి నాలుగో తరగతి. ఆమధ్య యూనిట్ టెస్టు పేపరు ఇచ్చారు. ఇంగ్లీషు గ్రామరులో ఇరవైకి పంతొమ్మిది. పోయిన ఆ ఒక్క మార్కు కోసం అన్నం దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. ఏమిటా అని చూస్తే, కాకుల గుంపును ఏమంటారో ఖాళీ పూరించమన్నారు. ఇది 'ఫ్లాక్' అని రాసింది. టీచరుగారు ఎర్రసిరాతో కొట్టేసి పక్కన 'మర్డర్' అని దిద్దారు.

ముందురోజు రాత్రి ఆ పాఠం చదివించింది నేనే. గైడులో ఉన్న ఆ మాట చూసి ఏదో అచ్చుతప్పు అనుకుని, "పక్షులన్నిటికీ ఫ్లాకే రాయవే" అని చెప్పిందీ నేనే!

"నీకు ఇంగ్లీషు రాదుగా, ఎందుకు చెప్పావమ్మా?" అంది.

తెలుగు మీడియంలో చదువుకుని, ఇంగ్లీషు మీడియం పిల్లల్ని కూర్చోబెట్టుకునే తల్లులకు ఈ మాట కొత్త కాదు. మామూలుగా అయితే నవ్వి ఊరుకునేదాన్ని. ఈసారి ఎందుకో గట్టిగా గుచ్చుకుంది. అసలు కాకులేమిటి, హత్యేమిటి? సంగతేమిటో తేల్చుకుందామని వారం రోజులు ఇంటిపని అయ్యాక అదే పని పెట్టుకున్నాను.

తీరా చూస్తే ఇవన్నీ ఐదారువందల ఏళ్ల నాటి ఇంగ్లండు జమీందారుల సరదా మాటలండీ! వేట, డేగలతో పిట్టల్ని పట్టించడం అప్పటి పెద్దింటివాళ్ల కాలక్షేపం. ఏ జంతువుల గుంపును ఏ మాటతో పిలవాలో తెలిసినవాడు మర్యాదస్తుడు. తెలియనివాడు నలుగురిలో నవ్వులపాలు. 1486లో సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో అచ్చయిన పుస్తకంలో ఇలాంటి పేర్ల జాబితా పెద్దదే ఉంది. సింహాలకు 'ప్రైడ్', అంటే గర్వం. భరతపక్షులకు 'ఎగ్జాల్టేషన్', ఆకాశానికెగిసే ఆనందమన్నమాట. నక్కలకు నక్కి నక్కి తిరగడమనే అర్థమొచ్చే 'స్కల్క్'. మాలకాకులకైతే 'అన్‌కైండ్‌నెస్', దయలేనితనం! వాటి పిల్లల్ని అవి సరిగా చూడవని అప్పటివాళ్ల నమ్మకం. కాకుల 'మర్డర్' కూడా ఆ పదిహేనో శతాబ్దపు చేతిరాత జాబితాల్లోనిదే. యుద్ధంలో పడ్డ శవాల మీద వాలే పక్షి కాబట్టి కాకంటే అక్కడ చావుకు గుర్తు.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. ఆ పుస్తకంలోని వేట భాగం చివర ఒక ఆడమనిషి పేరుంది, డేమ్ జూలియానా బార్న్స్ అని. ఆమె సన్యాసినుల మఠానికి పెద్ద అని తరువాతివాళ్లు చెప్పుకున్నారు గానీ దానికి రుజువు లేదు. పుస్తకమంతా ఆమే రాసిందనీ పండితులు ఒప్పుకోరు. సరే, అయిదువందల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి పేరు అచ్చులో ఉందని సంబరపడుతూ జాబితా కిందికి వెళ్దును కదా, జంతువుల మధ్యలో మనుషులూ ఉన్నారు! బాతుల గుంపుకు ఏ మాటో ఆడవాళ్ల గుంపుకూ అదే మాట, 'గాగిల్'. కలకలమని వాగడం. భార్యల గుంపుకు 'ఓర్పులేనితనం' అని పేరు. సన్యాసినుల గుంపుకేమో 'అవసరానికి మించి'! ఇది ఆడమనిషి రాసిన వరసేనా అని నాకూ అనుమానమే.

గైడు పుస్తకాల్లో గుడ్లగూబలకు 'పార్లమెంట్' అని ఉంటుంది చూడండి, దానికైతే ఆ పాత గౌరవం కూడా లేదు. 1953లో సి.ఎస్. లూయిస్ రాసిన పిల్లల నవల 'ది సిల్వర్ చెయిర్'లో ఒక అధ్యాయానికి సరదాగా పెట్టుకున్న పేరు, అక్కణ్ణించి పాకింది.

మరి పక్షుల్ని చదివే శాస్త్రవేత్తలు కాకుల గుంపును ఏమంటారనుకున్నారు? ఫ్లాక్ అనే! ఆ పుట చదివినరోజు నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అన్నీ కొట్టిపారేయలేం లెండి. 'ప్రైడ్' మాటను శాస్త్రవేత్తలూ వాడతారు. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు కలిసి ఉండే ఆడ సింహాల కుటుంబమే ఆ ప్రైడ్. మగపిల్లలు పెద్దయ్యాక బయటికి పోవాల్సిందే. మన గోరింకల చుట్టాలైన స్టార్లింగులు సాయంత్రం వేలకొద్దీ ఆకాశంలో మెలికలు తిరిగితే 'మర్మరేషన్' అంటారు. వాటి రెక్కల గుసగుస వినిపించే మాట అది.

కాకి విషయమే అన్యాయం. మా వీధిలో కరెంటు తీగ తగిలి ఒక కాకి చచ్చిపోతే అరగంటలో ఎన్ని చేరాయో! పిల్లల్ని డాబా ఎక్కనివ్వలేదు. 2015లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే పరీక్షించారు. ముసుగు తొడుక్కున్న మనిషి చచ్చిన కాకిని పట్టుకుని నిలబడితే కాకులు గుమిగూడి అరిచాయట. ఆ ముసుగును వారాల తరబడి మరచిపోలేదట. అది హత్య కాదు, పరామర్శ అనిపిస్తుంది నాకు. తద్దినం నాడు పిండం పెట్టి ఎదురుచూసే ఇళ్లవాళ్లం, మనకు మాత్రం హత్య అనే మాట ఎలా వస్తుంది?

ఇవన్నీ చెబుతుంటే మా అత్తగారు బియ్యంలో రాళ్లేరుతూ విన్నారు. "మనకు మాత్రం లేవా ఏమిటి? గొర్రెలకు మంద, మిడతలకు దండు, చీమలకు బారు, కోతులకు మూక, తేనెటీగలకు తుట్టె. గొర్రెల దండు అంటే నవ్వరూ?" అన్నారు. మా అమ్మాయి నోట్సు తెచ్చి ఆవిడ పక్కన కూర్చుని రాసుకుంది. "కాకులకో, నానమ్మా?" అంటే, "కాకులకు గోల" అన్నారావిడ.

పేరెంట్స్ మీటింగులో టీచరుగారికి నెమ్మదిగానే చెప్పాను. పాపం, ఆవిడా ఆసక్తిగానే విన్నారు. "నిజమేనండీ, కానీ ఆన్సర్ కీలో ఏదుంటే అదే" అన్నారు. మార్కు రాలేదు.

వార్షిక పరీక్షలో మళ్లీ కాకులే వచ్చాయి. ఇది బుద్ధిగా 'మర్డర్' అనే రాసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "మార్కు కోసం రాశానమ్మా" అంది.